పొగమంచులో టిబ్ బామ్మ

మూడున్నరకే హార్డెన్‌షాలో వీధి దీపాలు వెలిగించారు. పత్రికాఫీసు కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఉండాల్సిన మిల్లు పొగగొట్టం లేదు. పొద్దున ఉంది.

ఎడ్నా హాల్‌రాయిడ్ ఆ సంగతి పట్టించుకునే స్థితిలో లేదు. ఆమె చూపంతా టెలిఫోన్ మీదే ఉంది.

ఎనిమిదేళ్లుగా ఆమె ప్రకటనల బొమ్మలు గీస్తోంది. కస్టర్డ్ పొడి డబ్బాలు, కేటలాగుల్లో ఆడవాళ్లు నడుముకి బిగించుకునే కార్సెట్లు, దగ్గుమందు తాగి నవ్వే పిల్లలు. ఏ బొమ్మ కిందా ఆమె పేరు ఉండదు. పోయిన నెల పత్రిక కార్టూనిస్టు ముసలితనం వచ్చి మానేశాడు. ఎడిటర్ పికర్స్‌గిల్ ఎడ్నాని పిలిచి, ఈ ఒక్క శనివారం ఆమెకిస్తానన్నాడు. నెగ్గుకొస్తే ఉద్యోగం, లేకపోతే మళ్లీ కార్సెట్లే.

ఆ ఊళ్లో శనివారం సాయంత్రం వచ్చే ఆటల పత్రికలో అందరూ ముందు చూసేది మొదటి పేజీ మూలనున్న బొమ్మనే. ఊరి ఫుట్‌బాల్ జట్టు హార్డెన్‌షా టౌన్ గెలిస్తే బొమ్మ గంతులేస్తుంది, ఓడితే ఏడుస్తుంది, సమమైతే ఆవలిస్తుంది. ట్రామ్ దిగకుండానే, దూరం నుంచే ఆట సంగతి తెలిసిపోవాలి. అందుకే మూడు బొమ్మల్నీ ముందే గీసి, జింకు పలకల మీద చెక్కించి ఉంచుతారు. ఫోన్ రాగానే ఒకటి పేజీలో బిగిస్తారు.

ఎడ్నా గీసింది టిబ్ బామ్మని. ఈకల టోపీ, బారెడు ముక్కు, గొడుగు, చెక్క బూట్లు. గొడుగు పక్కన తన పేరు కూడా రాసుకుంది, జీవితంలో మొదటిసారి.

టౌన్ రెండు గోల్స్, అవతలివాళ్లు ఒకటి. ఇంకా పన్నెండు నిమిషాలుంది. గంతులేసే బామ్మ పేజీలో కూర్చుంది కూడా. పలకలు చెక్కే సేత్ ఆర్మరాడ్ అప్పుడే చేతులు తుడుచుకుంటున్నాడు. ఎడ్నా కాళ్లు నేలమీద నిలవడం లేదు.

ఫోన్ మోగింది. పికర్స్‌గిల్ విన్నాడు, పెట్టేశాడు. పొగమంచులో గోల్‌కీపర్‌కి బంతి కాదు కదా, గోలు కొయ్యలే కనబడటం లేదట. రిఫరీ ఆట ఆపేశాడు. గోల్స్ లెక్కలోకి రావు, ఆటంతా మళ్లీ మొదటి నుంచి ఆడాలి.

గెలుపు కాదు, ఓటమి కాదు, సమమూ కాదు. ముగ్గురు బామ్మల్లో ఒక్కరూ పనికిరారు.

పేజీ మూయడానికి ఇరవై నిమిషాలుంది. కొత్త పలక చెక్కాలంటే గంట పడుతుందని సేత్ తేల్చేశాడు. పికర్స్‌గిల్ నిట్టూర్చి, ఆ మూలలో ఏదైనా ప్రకటన పెట్టేయమన్నాడు. దొరికింది దగ్గుమందు ప్రకటన. ఆ నవ్వే పిల్లాణ్ని గీసింది కూడా ఎడ్నానే.

వాడి మొహం చూడగానే ఆమెకి ఒళ్లు మండింది. తిరిగి కిటికీ వైపు చూసింది. ఇప్పుడు వీధి దీపం కూడా సగమే కనబడుతోంది.

ఒక్క అంగలో బల్ల దగ్గరికి వెళ్లి ఆవలించే బామ్మ పలక మీద చెయ్యి వేయబోయింది.

"అమ్మాయ్, దాన్ని ముట్టుకోకు," అన్నాడు సేత్. "యూనియన్ కార్డు లేని చెయ్యి జింకు మీద పడిందంటే కింద పనివాళ్లు మెషిన్లన్నీ ఆపేస్తారు. పత్రికే ఉండదు."

ఎడ్నా చెయ్యి వెనక్కి తీసుకుంది. కాగితమైతే ముట్టుకోవచ్చా అని అడిగింది. కాగితానికి యూనియన్ లేదన్నాడు సేత్.

ఆ పలకతో నమూనాగా తీసిన అచ్చుకాగితం అందుకుని, కుంచె తెల్లరంగులో ముంచి, బామ్మ నడుము మీద ఒక్క పూత పూసింది. నడుము మాయం. భుజాలు, గొడుగు, మెడ మాయం. నాలుగు ఊపుల్లో బామ్మంతా మంచులో కలిసిపోయింది. పైన ఈక, మధ్యలో ముక్కు, అడుగున రెండు చెక్క బూట్లు మిగిలాయి.

"సేత్ గారూ, కొత్తగా గీయక్కర్లేదు. తెల్లగా ఉన్నచోటల్లా పలక మీద గీరేయండి, అక్కడ సిరా అంటకపోతే చాలు."

సేత్ కాగితాన్ని చూశాడు, గడియారాన్ని చూశాడు, ఉలి అందుకున్నాడు. పలక మీద బొమ్మ కుడి ఎడమలు తిరగబడి ఉంటుంది. అందుకే ఎడ్నా కాగితాన్ని అద్దానికి ఎదురుగా పట్టుకుని నిలబడింది. జింకు రవ్వలు ఆమె చేతుల మీద పడుతున్నాయి. ముక్కు దగ్గరికి వచ్చేసరికి ఆమె ఊపిరి బిగబట్టింది.

"భయపడకు," అన్నాడు సేత్ తలెత్తకుండానే. "మా అత్తగారి ముక్కూ ఇంతే. ఎంత చెక్కినా తరగదు."

నాలుగుంపావుకి పలక పేజీలో బిగిసింది. కింద మెషిన్లు కదిలాయి, నేలంతా అదిరింది.

ఎడ్నా టోపీ కూడా పెట్టుకోకుండా వీధిలోకి పరుగెత్తింది. ట్రామ్ స్టాపు దగ్గర దీపం కింద ఒకాయన పత్రిక కళ్లకి ఆనించుకుని చూస్తున్నాడు. చూసి చూసి భుజాలు కదిలేలా నవ్వి, పక్కవాడికి చూపించాడు.

"ముసల్దానికి కూడా మనకి కనబడినంత ఆటే కనబడిందిరా."

పక్కవాడు నవ్వి, అటుపక్క నిలబడ్డ ఆవిడకి అందించాడు. నవ్వు వరసలో చివరిదాకా పాకింది. చివరి మనుషులు మంచులో కనబడటం లేదు గాని, నవ్వు మాత్రం వినిపిస్తోంది. ఎడ్నాకి గట్టిగా అరవాలనిపించింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

వెనకాల దగ్గు వినబడి తిరిగింది. పికర్స్‌గిల్ పత్రిక చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మిస్ హాల్‌రాయిడ్, మీ తెల్లరంగు గొడుగుతోపాటు మీ పేరుని కూడా మింగేసింది. చూసుకున్నారా?"

ఆమె పత్రిక లాక్కుని చూసింది. నిజమే. గొడుగు పక్కన ఏమీ లేదు.

"సోమవారం ఎనిమిదికల్లా వచ్చేయండి," అన్నాడాయన మంచులోకి నడుస్తూ. "ఈసారి పేరు కాస్త పెద్దగా రాయండి."