నడిమి నీళ్ళు

మా అత్త సుబ్బులుతో నేను గెలిచిన తగాదా ఒక్కటి కూడా లేదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి అన్నీ ఆవిడే గెలిచింది. ఆఖరుది మాత్రం కావాలనే ఓడిపోయాను.

మాది కొనకనమిట్ల పక్కన పల్లె. గొర్రెలే మా బతుకు. వానలు మొహం చాటేసిన కరువులో మంద మందంతా పోయింది. నా మొగుడు అంకన్న కర్ర మూలన పడేసి, అందరితో పాటు ఓడెక్కి రంగూను పోయాడు. అక్కడ బియ్యం మిల్లులో కుదురుకున్నాక, కూలీలను తోలుకుపోయే నాగయ్య మేస్త్రీతో కబురు పంపాడు.

"నిన్నూ వాళ్ళమ్మనూ రమ్మన్నాడు రాఘవమ్మా. అమ్మను జాగర్తగా తీసకరమ్మని నీకు మరీ మరీ చెప్పమన్నాడు" అన్నాడు మేస్త్రీ.

నాకు చెప్పమన్నాడట! ఆవిడ ఒకరు తీసుకుపోతే వచ్చే మనిషా? అయినా సరేనని మాటిచ్చాను. ఎందుకంటే కొడుకు రంగూను పోయినప్పటి నుంచి ఆ కొడుకు కంచంలో ఆవిడ ఇంకెవరికీ అన్నం పెట్టనిచ్చేది కాదు. రోజూ కడిగి బోర్లించేది. వాణ్ణి ఒక్కసారి చూసి చస్తానని నాతో ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు. ఎంత గయ్యాళిదైనా ఆ మాటకు నేను లొంగిపోయేదాన్ని.

"మనిషికొక మూట, అంతే" అని మేస్త్రీ గట్టిగా చెప్పాడు. "కాకినాడలో ఓడ గట్టుకు రాదు. పడవలో పోయి నిచ్చెనెక్కాల. బరువు మూటలైతే పడవోడే ఇసిరి పారేస్తాడు. తేలిగ్గా కట్టుకోండి." ఆ మాట చెప్పి ఇంకా మనుషుల కోసం పక్క ఊళ్ళకు పోయాడు. తేలిగ్గా అంటే ఏంటో మా అత్తే తేల్చింది.

మొదట తన గొంగడి పెట్టుకుంది. నిలబెడితే నిలబడేంత మందం గొంగడి.

"ఎండాకాలం గొంగడేందత్తా?" అన్నాను.

"మా నాయన నేయించిచ్చినాడు. అది కప్పుకోకపోతే నాకు నిద్ర పట్టదు" అన్నది. తరువాత కొడుకు కంచం పెట్టింది. ఆపైన నా మూట విప్పింది. నా రెండో కోక తీసేసింది, జొన్నరొట్టెలు సగం తీసేసింది, చివరికి నా సొరబుర్ర మీద పడింది.

సొరబుర్ర అంటే మా గొర్రెలవాళ్ళకు ప్రాణం. ఎండిన సొరకాయను తొలిచి, మెడకు తాడు కట్టి, నీళ్ళు పోసుకుని అడవికి పోతాం. ఇది అంకన్న వదిలిపోయిన పెద్ద బుర్ర. ఇద్దరం తాగినా పొద్దుగూకేదాకా వచ్చేది.

"ఇదెందుకే?" అన్నది.

"నీళ్ళకు."

ఆవిడ నవ్వింది. వాకిట్లో చేరిన ఆడవాళ్ళకేసి తిరిగి, "విన్నారా దీని తెలివి! ఓడ పోయేదే నీళ్ళ మీద. ఆ నీళ్ళ మీదికి మళ్ళీ నీళ్ళు మోసకపోతుందంట" అన్నది.

"సముద్రం నీళ్ళు ఉప్పు గదత్తా."

"గట్టునే ఉప్పే. మన పల్లెలో చూడలా? ఊరి అంచునంతా చౌడు, అక్కడి బావి నోట బెట్టలేం. నడిమి చేలో బావి తియ్యగా ఉండలా? ఉప్పు బండ్లు యాడి నుంచి వస్తాయి, ఒంగోలు కాడ గట్టు నుంచే గదా? నడిసముద్రం నుంచి ఎవడన్నా ఉప్పు తెచ్చినాడా?"

అక్కడున్న అందరూ ఔనన్నారు. ఒక్కరూ సముద్రం మొహం చూసినవాళ్ళు కారు. నేనూ చూడలేదు కాబట్టి ఏమని వాదించను? అడుగుదామంటే మేస్త్రీ ఊళ్ళో లేడు. సొరబుర్ర చూరుకు వేలాడదీసి, ఒక్క చిన్న చెంబుతో బయలుదేరాం. ఎడ్లబండిలో దొనకొండ స్టేషనుకు పోయి, మేస్త్రీతో కలిసి కాకినాడకు రైలెక్కాం.

కాకినాడ రేవులో మా అత్త మోకాళ్ళ దాకా దిగి, దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుని థూ అని ఊసింది. "చెప్పలా? గట్టున ఉప్పే" అన్నది, అదేదో తన గెలుపైనట్లు.

ఓడ సంగతి ఏం చెప్పను. పైతట్టు చెక్కల మీద సంతలో పశువుల్లా జనం. ఎండ నెత్తిన, పొగ కళ్ళల్లో. ఓడ కదిలిన కాసేపటికే సగం మంది వాంతులు చేసుకున్నారు. నాగయ్య మేస్త్రీ మగవాళ్ళున్న వైపు పోయాడు, మళ్ళీ కనబడితే ఒట్టు. తాగే నీళ్ళు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొళాయికి వదిలేవాళ్ళు. ఎవరి పాత్ర వాళ్ళు పట్టుకుని నింపుకోవాలి. బిందెలున్నవాళ్ళు బిందెలు, కుండలున్నవాళ్ళు కుండలు నింపుకున్నారు. మాకు చెంబెడు. కొళాయి కట్టేస్తే ఇంక అంతే.

అందులో తన వంతు మా అత్త తాగింది, తాగినంతా కక్కింది. నా వంతూ ఇచ్చాను. అదీ నిలవలేదు. మర్నాటికి కళ్ళు లోపలికి పోయాయి, నాలుక పిడచగట్టింది.

మా పక్కనే రోశమ్మ ఉంది. యర్రగొండపాలెం వైపు మాదిగగూడెం మనిషి, ఏసుప్రభువును నమ్ముకున్నది. తాటినారతో అల్లిన చిక్కంలో పెద్ద కుండ వేసుకుని వచ్చింది. నిచ్చెన మీద దాన్ని వీపున మోస్తూ ఎక్కుతుంటే మా అత్త ఎంత నవ్విందో. ఇప్పుడు ఆ కుండ నిండా నీళ్ళు.

"పెద్దమ్మకు కాసిని పోస్తానమ్మా, చెంబు పట్టు. నేను తాకనులే, పైనుంచి వంచుతా" అన్నది రోశమ్మ.

నేను చెంబు చాచాను. మా అత్త నా మణికట్టు పట్టుకుంది. ఆ బలం ఎక్కడి నుంచి వచ్చిందో!

"వాళ్ళ కుండ నీళ్ళు నా నోట పోస్తే నీ మొగుడికి మొహం చూపలేవు" అన్నది.

రోశమ్మ వినబడనట్లు కొంగు సర్దుకుంది. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది, కోపంతో ఒళ్ళు మండింది. మా అత్త అటు తిరిగి పడుకున్నాక రోశమ్మ పోసిన నీళ్ళు నేను దోసిలి పట్టి తాగాను. ఇప్పటికీ ఆ చల్లదనం గొంతులో ఉంది.

"రాఘవమ్మా, సముద్రం నీళ్ళు ముంచుకరా. నడిమికి వచ్చినాం గదా" అన్నది మా అత్త కాసేపటికి కళ్ళు తెరిచి.

తట్టు చెక్కలు కడగడానికి ఓడవాళ్ళు తాడు కట్టి బొక్కెనతో నీళ్ళు తోడుతుంటే, వేలు ముంచి నాకి చూశాను. చేదుగా ఉప్పు.

"ఉప్పేనత్తా."

"అయితే ఇంకా నడిమికి రాలేదులే" అన్నది.

మరుసటి పొద్దున మళ్ళీ అడిగింది. మళ్ళీ ఉప్పే అన్నాను. "ఎంత పెద్దదే ఇది, ఇంకా గట్టే" అని కళ్ళు మూసుకుంది. అరవాలనిపించింది నాకు. చూరుకు వేలాడే సొరబుర్ర కళ్ళ ముందు ఆడింది. నీ మొండితనం నిన్ను మింగుతోందే ముసలీ, నీ కొడుక్కి నేనేం చెప్పాలే అని గొంతు దాకా వచ్చింది. కానీ ఆ మొహం చూసి, ఎండ పడకుండా కొంగు అడ్డుపెట్టాను.

మధ్యాహ్నానికి ఊపిరి ఎగబోత మొదలైంది. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూస్తున్నట్లు లేవు. నేను రోశమ్మ వైపు చూశాను. ఆమె అడగకుండానే కుండ వంచింది. చెంబు నిండింది. మా అత్త తల ఒళ్ళో పెట్టుకుని పెదవుల మీద పోశాను. గుటక పడింది. ఇంకొక గుటక. చెంబు సగం తాగింది.

"ఏం నీళ్ళే ఇవి?" అన్నది.

"సముద్రం నీళ్ళత్తా. ఇప్పుడే ముంచినా."

నాలుకతో పెదవులు తడుముకుంది. ఆ ఎండిన మొహం మీదికి మెల్లగా నవ్వు వచ్చింది, వాకిట్లో నన్ను నవ్విన నవ్వే.

"తియ్యగున్నాయి. నడిమికి వచ్చినామా?"

"వచ్చినామత్తా."

"నేను చెప్పలా?"

"చెప్పినావు. నీదే నిజం. నాకే తెలియదు" అన్నాను. రోశమ్మ మొహం పక్కకు తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

పొద్దు వాలకముందే పోయింది. ఓడవాళ్ళు గోనెపట్టా తెచ్చారు. నేను గొంగడిలో చుట్టి ఇచ్చాను, అది లేకపోతే నిద్ర పట్టదు కదా ఆవిడకు. మన్ను లేదు, గుప్పెడు నువ్వులు లేవు. ఆ ఉప్పునీళ్ళల్లోనే వదిలారు.

రంగూను రేవులో అంకన్న జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. నా వెనక చూశాడు, నా పక్కన చూశాడు. అత్త మూట విప్పి కంచం చేతికిచ్చాను. అంతే, అర్థమైంది.

కంచం తడుముతూ, "నీళ్ళన్నా తాగిందా?" అని అడిగాడు.

"తాగింది. నడిసముద్రం నీళ్ళు. తియ్యగున్నాయన్నది."

ఆ సముద్రం దాటివచ్చినవాడే అంకన్న, నడిమి నీళ్ళ రుచి తెలిసినవాడే. నా కేసి చూశాడు. మా వెనక కుండ మోసుకుంటూ దిగుతున్న రోశమ్మ కేసి చూశాడు. కంచం గుండెలకు పట్టుకుని ఆ రేవు రాళ్ళ మీదే కూలబడి ఏడ్చాడు.