చెవిలో చెప్పిన మాట

ఫిలిప్పీన్స్‌లోని సెబూలో ఓడ టికెట్లమ్మే మా ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. డేటా తుడిచేముందు, ప్రోగ్రాం ఏ డేటాబేస్‌కి వెళ్తుందో పైకి చదవాలి. పక్కవాళ్ళు విని ‘ఊఁ’ అనాలి. ఆ సోమవారం చదివింది హొవెన్సియో. విన్నది నేను.

అతనికి ముప్పై ఎనిమిదేళ్ళు. ఇంకో రెండ్రోజులు గడిస్తే ఆరు నెలల ప్రొబేషన్ అయిపోయి పర్మినెంటు. అంతకుముందు మూడు కంపెనీలు అతన్ని అయిదో నెలలోనే సాగనంపాయి. “ఈసారి గట్టెక్కేస్తానక్కా!” అంటూ పొద్దున్నే అందరికీ బిబింకా అనే బియ్యప్పిండి కేకు ముక్కలు పంచాడు, పిచ్చి మారాజు.

“టెస్ట్ డేటాబేస్, అక్కా,” అని చదివాడు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్లో అదే ఉంది, కళ్ళారా చూశాను. “ఊఁ, కానీయ్,” అన్నాను.

పది నిమిషాల్లో రేవులో ఒకటే గోల. ఈస్టర్ ముందొచ్చే పవిత్ర వారానికి ఊళ్ళకెళ్ళేవాళ్ళ టికెట్లన్నీ మాయం.

ఎలా జరిగిందో నాకు వెంటనే తెలిసిపోయింది. వేరియబుల్ అంటే మెషీన్ మొత్తానికీ చెప్పి ఉంచే మాట. ప్రాపర్టీ అంటే ప్రోగ్రాంని లేపేటప్పుడు దాని చెవిలో చెప్పే మాట. రెండూ ఉంటే మా ప్రోగ్రాం చెవిలో చెప్పిందే వింటుంది. ఊరంతా దండోరా వేసినా పెళ్ళాం మాటే వినే మొగుడిలాగ. శుక్రవారం ఏదో తొందర పనికి, ప్రోగ్రాంని లేపే ఫైల్లో అసలు డేటాబేస్‌ని ప్రాపర్టీగా పెట్టింది నేనే. తీసేయడం మర్చిపోయి చచ్చాను.

హొవెన్సియో నీళ్ళు తాగడానికి లేచాడు. ఆ ఫైలు తెరిచి, నా లైను చెరిపేశాను. సిగ్గులేదా అంటే, ఉంది. భయం అంతకంటే ఎక్కువుంది.

మేనేజర్ తెయోదుల్ఫో సార్ ఊగిపోతూ వచ్చాడు. “మళ్ళీ నడుపు. మా అందరి ముందూ!”

నడిపాడు. ప్రోగ్రాం బుద్ధిగా టెస్ట్ డేటాబేస్‌కే వెళ్ళింది.

“వేరియబుల్ పెడితే ఇట్టే పనిచేస్తోందిగా! అంటే పొద్దున నువ్వు పెట్టలేదు. పైగా బుకాయింపా?”

“పెట్టాను సార్, ఒట్టు! పైకి చదివాను కూడా. అక్క విన్నారు.”

అందరూ నావైపు తిరిగారు.

“ఏమ్మా క్రెసెన్సియా, చదివాడా?”

పదకొండేళ్ళ ఉద్యోగం నాది. “ఏదో గొణిగాడు సార్. నాకేం వినపడలేదు.”

సాయంత్రంలోపే ఉద్యోగం తీసేసినట్టు కాగితం అతని చేతిలో పెట్టారు. అతను సంచీ సర్దుకుని నా బల్ల దగ్గరికొచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“నిజంగానే గొణిగానేమో అక్కా. భయమేస్తే నాకు గొంతు పెగలదు. ఏం పెట్టానో కూడా ఇప్పుడు సరిగ్గా గుర్తురావట్లేదు,” అన్నాడు. “మీకు మాటొచ్చేలా చేశాను, ఏమనుకోకండి. ఈసారి ఎక్కడ చేరినా గట్టిగా చదువుతాను.”

“ఆఁ,” అన్నాను. “గట్టిగా చదువు.”