చెల్లెలి బొటనవేలు

మా చెల్లెలికీ నాకూ ఏడాదిన్నర తేడా. ముఖాలు మాత్రం అచ్చుగుద్దినట్టు ఒకటే. సరిహద్దు గేటు దగ్గర కూర్చునే కళ్ళజోడు జవాను ఆరేళ్ళపాటు మమ్మల్ని ఒక్క మనిషే అనుకున్నాడంటే ఆ తప్పు అతనిది కాదు.

పాసు చెల్లెలి పేరు మీద ఉండేది. మొగుడు దాన్ని వదిలేసి, కూతురు చిట్టిని మాత్రం అవతలి దేశంలో తన తల్లి దగ్గర ఉంచుకున్నాడు. నెలకోసారి బిడ్డను చూసి రావడానికి ఇచ్చిన పాసు అది. మేమిద్దరం ముందుగదిలో బడిపిల్లల యూనిఫాంలు కుడతాం. పని ఆగకూడదు కాబట్టి ఒక నెల అది వెళ్ళేది, ఒక నెల దాని పాసుతో నేను వెళ్ళేదాన్ని. అక్కడ గుండీలూ జిప్పులూ చవక. చిట్టి నాన్నమ్మకు ఎవరొచ్చినా ఒకటే, సంచిలో కొత్త బట్టలుంటే చాలు. చిట్టికి మాత్రం నేర్పిపెట్టాం: గేటు దగ్గర మా ఇద్దరిలో ఎవరు కనబడినా "అమ్మా" అని అరవాలి. నాకు పిల్లల్లేరు. గుండీలన్నది వంక, ఆ ఒక్క కేక కోసమే నేను రెండు నెలలు ఎదురుచూసేదాన్ని.

ఈ ఏడు రూల్సు బిగించారు. పాసున్నవాళ్ళు శుక్రవారంలోగా ఆఫీసుకు వచ్చి కుడి బొటనవేలి ముద్ర వెయ్యాలి. ఇకమీదట గేటు దగ్గర మిషను వేలు చూస్తుంది, ముఖం కాదు. ఎవరి ముద్ర పడితే పాసు వాళ్ళదే. వేలి మీద గాయముంటే తీసుకోరు. గడువు దాటితే పాసు రద్దు.

"అక్కా, ఇక నువ్వు వెళ్ళలేవు కదా" అని చెల్లెలు బాధపడింది.

"నాకేంటే, గుండీలు ఇక్కడా దొరుకుతాయి" అన్నాను.

సూది గుచ్చుకుని గుచ్చుకుని దాని వేళ్ళు జల్లెడలయ్యాయి. అందుకని పదిరోజులు దాన్ని సూది ముట్టుకోనివ్వలేదు. కాజాలన్నీ నేనే కుట్టాను, బొటనవేలికి గుడ్డ చుట్టుకుని మరీ. అది వేలికి నూనె రాసుకుని కూర్చునేది. నేను ఆఫీసరులా కుర్చీలో కూర్చుని ప్రశ్నలడిగేదాన్ని. పుట్టిన తేదీ ఏది, బిడ్డ పుట్టిన తేదీ ఏది, పాసు ఏ ఏడు ఇచ్చారు. అది నీళ్ళు నమిలేది. నాకు మాత్రం అన్నీ నోటికొచ్చేశాయి.

గురువారం పొద్దున చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. అది కాలరు లాగిపట్టుకుంది. ఇస్త్రీపెట్టె జారిందని అందరికీ చెప్పాను. జారలేదు. ఎక్కడ పెట్టాలో చూసుకునే పెట్టాను.

వేలు కాలినందుకు కాదు, పాసు పోతుందని ఏడ్చింది పిచ్చిది. దాని చెయ్యి బకెట్లో ముంచి, మందు రాసి, నేనే కట్టు కట్టాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అది అడిగేదాకా నేను నోరు మెదపలేదు. సాయంత్రానికి అదే వచ్చింది.

"అక్కా, రేపు నా పేరుతో నువ్వెళ్ళి ముద్ర వేసిరా. పాసు పోతే చిట్టిని చూసేదిక్కే ఉండదు."

"మళ్ళీ మార్చడానికి ఉండదే. బాగా ఆలోచించుకో."

"తెలుసు. నువ్వైనా చూస్తావు కదా" అంటూ నా కాళ్ళు పట్టుకుంది.

సిగ్గేసిందా అంటే వేసింది. అయినా శుక్రవారం తెల్లారగానే వెళ్ళాను. ఒక్క ప్రశ్నకూ తడుముకోలేదు. బయటికొచ్చేసరికి కాగితం మీద చిట్టి తల్లిని నేనే. ఒకవేళ ఇస్త్రీపెట్టె సంగతి చెల్లెలికి తెలిసినా ఏం చెయ్యగలదు? కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. ఆరేళ్ళ మోసానికి ఇద్దరం జైలుకు పోతాం.

తరువాతి నెల గేటు దగ్గర మిషను మీద వేలు పెట్టాను. పచ్చదీపం వెలిగింది. అవతల చిట్టి ఎప్పటిలాగే "అమ్మా" అని అరుస్తూ పరుగెత్తుకొచ్చి నా నడుం చుట్టేసింది. కళ్ళజోడు జవాను మమ్మల్ని చూసి నవ్వాడు. అంత సంతోషం నేను జన్మలో ఎరగను.

వీధి మలుపు తిరగగానే చిట్టి నా చెయ్యి వదిలేసింది.

"అమ్మ వేలు మానిందా? మానాక వస్తానని ఫోన్లో చెప్పింది."

"రాదే. ఇక ఎప్పుడూ నేనే వస్తాను. నన్నే అమ్మా అను."

చిట్టి వెనక్కి తిరిగి చూసింది. జవాను కనబడడం లేదు.

"గేటు దాటేశాం కదా పెద్దమ్మా" అంది. "ఇక్కడ అక్కర్లేదు."