జిల్లేడు తర్వాత నేను

“పండు కాయదు, పువ్వు దేవుడికెక్కదు. ఏం సూసుకోని పెంచినావే ఆ మానును?”

పొద్దున గంధం తీస్తుంటే మా అత్త నాగులమ్మ మళ్లీ అందుకుంది. నేను చెయ్యి ఆపలేదు. ఈ ఇంట్లో గంధం తియ్యడం నా పని. పూజ ఆమెది, బొట్టు ఆమె కొడుకుది, చెయ్యినొప్పి నాది.

మా ఆయనకు చిత్తూరులో బెల్లం మండీ. ఇద్దరు పెళ్లాలు పురిట్లో పోయాక నన్ను చూశారు. మూడో పెళ్లి అచ్చిరాదని ముందు ఒక జిల్లేడు మొక్కకు ఆయన చేత తాళి కట్టించి, వెంటనే దాన్ని కొడవలితో నరికించారు. పెళ్లిబట్టల్లో పక్కనే నిలబడి చూశాను. నీ గండం దానికి పోయింది, నువ్వు నాలుగోదానివి అంది అత్త, నాకేదో మేలు చేసినట్టు. పాలు కారుతూ పడి ఉన్న ఆ మొక్క మీద నాకు జాలి వేసింది. నా మీద ఎవరికీ వెయ్యలేదు.

మద్రాసు మీద బాంబులు పడతాయని జనం మా ఊరికి పారిపోయి వచ్చిన ఏడు, కచేరీ గోడ పక్కన తురాయి కాయ ఒకటి దొరికింది. మూరెడు పొడుగు, ఊపితే గలగలమంది. గింజలు నాటితే ఒక్కటీ మొలవలేదు, రాళ్లలా ఉండిపోయాయి. చివరికి మిగిలిన ఒక్కదాన్ని గంధం తీసే సానరాయి మీద పైతోలు పోయేదాకా అరగదీసి, వేడినీళ్లలో నానేసి, పగిలిన కుండలో పెట్టాను. మొలిచింది. దేవుడి రాయిని మైలపరిచానని అత్త నాకు రెండు పూటలు అన్నం పెట్టలేదు. ఆ అన్నం వండింది నేనే.

ఇప్పుడు ఎండాకాలం వస్తే వీధంతా మా వాకిలి చూస్తుంది. ఈ ఇంట్లో నాదని చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఎర్రపూల మాను ఒక్కటే. ఈ మధ్య ఆయనకు జ్వరం వచ్చి పోతోంది. ఎర్రపూలు చచ్చిన సవతుల్ని వాకిట్లోకి పిలుస్తున్నాయని అత్త తేల్చింది. మాను నరకమని ఆయన కట్టెలు కొట్టే మునస్వామికి కబురంపాడు.

ఆ పొద్దున గంధం తీస్తుండగానే మునస్వామి గొడ్డలితో వచ్చాడు. నేను గంధపుచెక్క కింద పెట్టి, వెళ్లి మానుకు ఆనుకుని నిలబడ్డాను. అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్న ఆయన లోపలికి పొమ్మన్నాడు. ఇన్నేళ్లూ పోయాను. ఆ మాటకు ఈసారి ఒళ్లు మండిపోయింది.

“నరికించండి,” అన్నాను. “జిల్లేడును నరికి మూడో పెండ్లాం సచ్చిందని లెక్కేసినారు గదా. దీన్ని నరికితే నాలుగోదీ సచ్చినట్టే. సచ్చినోళ్లు వండిపెట్టరు. నలుగుర్ని పోగొట్టుకున్నోడికి అయిదోదాన్ని ఎవురిస్తారో సూసుకోండి.”

ఆయన తల్లి వైపు చూశాడు. అత్త వెలిగించని పొయ్యి వైపు చూసింది. మునస్వామి గొడ్డలి గోడకు ఆనించి బీడీ వెలిగించుకున్నాడు.

నేను లోపలికి వెళ్లి సానరాయి తెచ్చుకున్నాను. మాను కింద కూర్చుని, ఎండిన కాయ ఒకటి పగలగొట్టి, ఇంకో గింజ అరగదియ్యడం మొదలుపెట్టాను. ఆ రోజు మా ఇంట్లో దేవుడికి గంధం లేదు.