వరండాలో చాప

వెలేసిన మనిషి మామూలుగా ఏం చేస్తాడు? అలిగి ఇంట్లో పడుకుంటాడు. లేదా పక్క ఊరి సంఘంలో చేరిపోయి ఇక్కడివాళ్ళని నలుగురిలో ఆడిపోసుకుంటాడు. దానం ఆ రెండూ చెయ్యలేదు. ఆదివారం వచ్చేసరికి తలకి నూనె రాసుకుని, తాటాకు చాప చంకన పెట్టుకుని వచ్చి చర్చి వరండాలో, గుమ్మానికి ఇవతల పరుచుకుని కూర్చునేవాడు. లోపల పాట మొదలెడితే అందరికంటే పెద్ద గొంతుతో తనూ అందుకునేవాడు. బయట కూర్చోమన్నారు గానీ నోరు మూసుకోమన్లేదు కదా అని నవ్వేవాడు.

ఆ నవ్వే ఇశ్రాయేలుకి గిట్టేది కాదు. ఇశ్రాయేలు దానానికి సొంత అన్న, సంఘానికి పెద్ద. గంట కొట్టేది ఆయనే, పాట ఎత్తేది ఆయనే, తమ్ముణ్ణి వెలేస్తున్నట్టు లేచి నిలబడి చెప్పిందీ ఆయనే. అలాగని రాతిగుండె మనిషేం కాదు. గుమ్మం దాటేటప్పుడు వారం వారం ఆ చాప అంచు కాలికి తగిలి ప్రాణం చివుక్కుమనేది. అయినా దాటి లోపలికి వెళ్ళిపోయేవాడు.

ఇంతకీ దానం చేసిన నేరం డప్పు కొట్టడం. బయటివాళ్ళకి వింటే నవ్వు రావచ్చు. ఊరికి ఎడంగా ఉన్న ఈ పేటలో మాత్రం ఎవరికీ రాదు. వాళ్ళ నాన్న కాలంలో ఊళ్ళో పెద్దింట్లో పీనుగ లేస్తే పేట నుంచి డప్పు వెళ్ళి తీరాలి. ఓసారి ఆ ముసలాయన చలిజ్వరంతో లేవలేక వెళ్ళలేదు. మర్నాడు కొబ్బరిచెట్టుకి కట్టేసి వీపు చిట్లేదాకా కొట్టించారు. కొట్టేవాడి పక్కనే ఇద్దరు పిల్లల్నీ నిలబెట్టారు చూడమని. వీపు మానకుండానే ఆయన బాప్తిస్మం తీసుకున్నాడు. డప్పు విరిచి పొయ్యిలో పెట్టాడు. ఇక ఈ పేట మనిషి ఎవరి గుమ్మం ముందూ డప్పు పట్టడు అని పేటంతా ప్రమాణం చేసింది. చర్చి గోడలు లేచింది ఆ మాట మీదే. అంచేత అది తప్పినవాడికి ప్రభువు బల్లలో, అదే రొట్టె ద్రాక్షరసం తీసుకునే వరసలో, చోటు లేదు. సంఘం ముందు నిలబడి, సొంత నోటితో తప్పు ఒప్పుకుంటేనే మళ్ళీ లోపలికి. ఒప్పుకోకుండా కన్నుమూస్తే గంట మోగదు, సమాధుల తోటలో జాగా ఉండదు, కంచెకి అవతల కాలవ గట్టున పూడ్చడమే.

దానం కొబ్బరికాయల పడవ మీద పనిచేసేవాడు. పడవ సత్తియ్యది. పేటవాడు కాదు, చేపలు పట్టే పల్లెకారుల మనిషి. ఇద్దరూ ఒకే చుట్ట చెరో కాసేపు కాలుస్తూ గోదావరి పాయలన్నీ తిరిగినవాళ్ళు. సత్తియ్య పోయిన రోజు ఒకటే వాన, ఏరు పొంగి మేళంవాళ్ళు అవతలి ఒడ్డునే ఆగిపోయారు. చప్పుడు లేకుండా పంపాల్సొస్తోందే అని వాళ్ళావిడ మంగాయమ్మ నెత్తి బాదుకుంటుంటే దానం చూడలేకపోయాడు. ఎక్కడో పాత డప్పు సంపాదించి, వానలో మంట రాజుకోకపోతే తన చొక్కాయే అంటించి డప్పు తోలు బిగిసేలా కాచి, పాడె ముందు నడిచాడు.

ఇది జరిగిన రెండో ఏటికి దానానికి దగ్గు పట్టుకుంది. అమలాపురం డాక్టరు చూసి ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. దానం భార్య రాహేలు శనివారం పొద్దున్నే ఇశ్రాయేలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"బావగారూ, ఆయనింక ఎన్నాళ్ళో ఉండరండి. రేపు రాజోలు నుంచి అయ్యగారు వస్తారు కదండీ, రొట్టె ఇయ్యడానికి. ఓ ముక్క ఆయన నోట్లో పెట్టించండి. మరింకేం అడగనండి."

"ఒక్క మాట ఒప్పుకోమను తల్లీ. ఒక్క మాట."

"మీరే అడగండి. నా మాట వింటేనా?"

ఇశ్రాయేలు వెళ్ళి తమ్ముడి మంచం పట్టె మీద కూర్చున్నాడు. దానం ఎముకల గూడులా ఉన్నాడు. చూడగానే చెయ్యి పట్టుకుని ఏడవాలనిపించింది. ఏడిస్తే పెద్దరికం ఏమవుతుంది? గొంతు సవరించుకున్నాడు.

"నాన్న వీపు మర్చిపోయేవా?"

"మర్చిపోలేదన్నయ్యా. నాన్నని కట్టేసి కొట్టేరు. నన్నెవరూ పిలవలేదు. నా అంతట నేనెళ్ళేను. రెండూ ఒకటెలా అవుతాయో చెప్పు, ఒప్పుకుంటాను."

ఇశ్రాయేలు దుప్పటి తమ్ముడి గుండెల మీదికి లాగాడు.

"రొట్టె మీద ఆశ లేదనుకోకు," అన్నాడు దానం దగ్గు ఆపుకుంటూ. "శానా ఉంది. లోపల మీరందరూ తీసుకుంటుంటే బయట నా నోరూరిపోయేది, చిన్నపిల్లాడిలా. కానీ సత్తియ్యని సాగనంపడం పాపమని నా నోటితో అనలేను."

ఆదివారం ప్రసంగం అయ్యాక పాస్టరు అయ్యగారు అడిగారు. దానం సంగతేమిటి, ఒప్పుకున్నాడా అని. మెత్తని మనిషి, ఔననే జవాబు కోసం ఆయనా ఆశగానే చూస్తున్నారు. జనం తలలన్నీ ఇశ్రాయేలు వైపు తిరిగాయి. ఆయనకి కాలవ గట్టు కనిపించింది. తమ్ముడి మీద వాన పడటం కనిపించింది.

"ఆయ్, ఒప్పుకున్నాడండి. నిన్న నాతో చెప్పేడండి. రాలేని మనిషి కాబట్టి వాడి బదులు నేను సంఘానికి చెబుతున్నానండి."

పుట్టి బుద్ధెరిగాక ఆయన ఆడిన అబద్ధం అదొక్కటే, అదీ బలిపీఠం ఎదురుగా. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. రొట్టె, ద్రాక్షరసం పట్టుకుని చర్చి చర్చంతా దానం ఇంటికి కదిలింది.

అయ్యగారు మంచం మీదికి వంగారు. "దానం, నీ తప్పు ఒప్పుకున్నావని మీ అన్నగారు సంఘం ముందు చెప్పేరయ్యా. చాలా సంతోషం. ఇదుగో, తీసుకో."

దానం అన్న మొహంలోకి చూశాడు. ఇశ్రాయేలు మంచం కోడు పట్టుకున్నాడు. లేదు అని ఒక్క మాట వాడి నోట్లోంచి వస్తే చాలు, పేటలో తన బతుకు అక్కడికి సరి. గుమ్మం నిండా జనం. దానం చూపు అన్న మీంచి రొట్టె మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. కళ్ళు నిండాయి. ఆ తరవాత పెదాలు గట్టిగా బిగించి మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"మింగలేకపోతున్నాడు, పాపం," అన్నారు అయ్యగారు. నుదుటి మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు.

దీపాలు పెట్టకముందే దానం పోయాడు. గంట ఇశ్రాయేలే కొట్టాడు, చెయ్యి పడిపోయేదాకా కొట్టాడు. నాన్న పక్కనే గొయ్యి తీయించాడు. సమాధానపడి పోయేడు, అదృష్టవంతుడు అనుకున్నారు జనం. మంగాయమ్మ కంచె బయట నిలబడి చూసి వెళ్ళిపోయింది.

అందరూ వెళ్ళాక రాహేలు ఇశ్రాయేలు దగ్గరికొచ్చింది.

"ఆయన కాదని నోరు తెరిస్తే ఆ వరండాలో మీరు కూర్చునేవారండి బావగారూ. అది చూడలేక నోరు మూసుకున్నారు. తప్పని ఒప్పుకోలేక ఆ రొట్టె కూడా వదులుకుని పోయేరు."

తిట్టలేదు, శపించలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి.

మళ్ళీ నెలకి ప్రభు భోజనం ఆదివారం. ఇశ్రాయేలు గంట కొట్టి వచ్చేసరికి గుమ్మానికి ఇవతల తాటాకు చాప పరిచి ఉంది. దాని మీద తెల్లచీరలో రాహేలు.

"నిన్నెవరు వెలేసేరే? లోపలికి రా," అంటున్నారు ఆడవాళ్ళు.

"ఇక్కడ బాగానే వినపడుద్దండి," అంది.

ఆయన ఆ చాప దాటాడు. దాటుతూనే నిశ్చయించుకున్నాడు. ఇవాళ లేచి చెప్పెయ్యాలి. సంఘం ముందు నిలబడి, సొంత నోటితో. ఆ నియమం తను తమ్ముడికి ఎన్నిసార్లు చెప్పలేదు?

అయ్యగారు రొట్టె మీది గుడ్డ తీశారు. ఇశ్రాయేలు లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మాట గొంతులోనే ఉంది, ఒక్క ఊపిరి పడితే వచ్చేస్తుంది.

ఆయన అలా లేచాడంటే పాట ఎత్తడానికేనని ఆ పేటలో పసిపిల్లకి కూడా తెలుసు. ముసలాయనకి గొంతు పట్టేసింది కాబోలు, తమ్ముడి దిగులు అనుకుని ముందు వరసలో ఒకావిడ తనే అందుకుంది. ఆవిడ వెనక ఆడవాళ్ళందరూ, వాళ్ళ వెనక మగవాళ్ళు. చర్చి అదిరిపోయేలా పాట లేచింది.

ఆపమని చెయ్యి ఎత్తితే ఆపేసేవాళ్ళే. ఆ చెయ్యి లేవలేదు. రెండో చరణానికల్లా ఆయనా పాడుతున్నాడు. వరండాలోంచి మాత్రం ఏ గొంతూ కలవలేదు.

పాట అయిపోయింది. సంఘపెద్ద కాబట్టి రొట్టె పళ్ళెం ముందు ఆయన దగ్గరికే వచ్చింది. ఆయన తీసుకున్నాడు.