ఐదు స్పీకర్ల పంపకం

టీవీ కొంటే ఇంట్లో పంపకాలు జరుగుతాయని నేనెప్పుడూ వినలేదు. మా ఇంట్లో జరిగాయి. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు మా బావ రాజేందర్ ఐదు స్పీకర్లను ఐదు దిక్కులకు పంచాడు. ఆ పుణ్యాన మా అత్త కిష్టవ్వ మూడు వారాల పాటు చెవిటిదైపోయింది. చీమ చిటుక్కుమన్నా వినే మనిషిని పట్టుకుని చెవిటిదన్నారు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మాది నాంపల్లిలో ఒక గల్లీ. ఇంటి ముందు గదిలో లేడీస్ టైలర్ దుకాణం, దాని వెనక హాలు, హాలుకు ఆ పక్కా ఈ పక్కా మా రెండు పడక అర్రలు, చివర వంటిల్లు. మా తోటికోడలు స్నేహలత కుడుతుంది. మా అత్త దుకాణం గడప దగ్గర స్టూలు మీద కూర్చుని వచ్చినవాళ్లతో మాట్లాడుతుంది. షుగరు వల్ల ఆమెకు చూపు సగానికి పైగా పోయి ఐదారేళ్లయింది. ముఖం ఆనదు కానీ గొంతు వింటే పేరు చెప్పేస్తుంది. ఎవరి జాకెట్టుకు మెడ ఎంత దించాలి, ఎవరికి చేతులు మోచేతి దాకా కావాలి, ఎవరింట్లో ఫంక్షన్ ఏ రోజు, అన్నీ ఆమెకు నోటికే. మా దుకాణంలో రాసిపెట్టుకునే అలవాటే లేదు. ఆ స్టూలు మీద కూర్చున్నంతసేపూ ఆమె ఇంటికి పెద్ద దిక్కు. దిగితే, కళ్లు కనపడని ముసలావిడ. ఆ సంగతి ఆమెకు మా అందరికంటే బాగా తెలుసు.

నేనా? నేను వంటింట్లో. పెళ్లయి ఎనిమిదేళ్లయింది, పొయ్యికీ నాకూ విడదీయరాని బంధం.

గణేశ్ నిమజ్జనం అయిన మూడో రోజున మా బావ, మా ఆయన, అన్నదమ్ములిద్దరూ ఆబిడ్స్ వెళ్లి గోడంత టీవీ తెచ్చారు. దాంతోపాటు హోమ్ థియేటర్: ఐదు స్పీకర్లు, కింద పెట్టుకునే ఒక పెద్ద ఊఫర్. బిగించడానికి టీవీ దుకాణం మనిషి రెండు రోజుల్లో వస్తాడని చెప్పారట. ఆగే గుణం ఉంటే ఆయన మా బావ ఎందుకవుతాడు! ఆయన మైకుసెట్లు కడతాడు. పెళ్లిళ్లకూ, వినాయక మండపాలకూ గల్లీ పొడుగునా స్తంభానికొక హారన్ కట్టి, చివరి ఇంటి దాకా భజన వినిపించడం ఆయన విద్య. ఆ విద్యనే ఇంట్లో చూపించాడు.

"ఐదు డబ్బలు ఒక్క హాల్లనే ఎందుకు? ఇంట్ల అందరికి ఇనవడాలె" అన్నాడు.

"అన్నా, దీనెంట ఇచ్చిన బుక్కుల బొమ్మ చూడు, అన్ని టీవీ చుట్టే ఉన్నయి" అన్నాడు మా ఆయన భూపాల్.

"అదంతా షోకు కోసం ఏసిన బొమ్మరా. ఇరవై ఏండ్ల సంది హారన్లు కడ్తున్న. నాకు నేర్పుతవా?"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నా మొగుడు పుస్తకం మూసేశాడు.

ఇక పంపకం మొదలైంది. అడ్డంగా పొడుగ్గా, అన్నిటికంటే పెద్దగా ఉన్న స్పీకరు ఒకటుంది. అది పెద్దోని పాలు కాబట్టి ఆయన అర్రలోకి పోయింది. మా ఊళ్లో భూమి పంచినప్పుడు కూడా పెద్దోడికి ఒక గుంట ఎక్కువ రాస్తారు. ఆ లెక్క స్పీకర్లకు కూడా వర్తిస్తుందని ఆ రోజే తెలిసింది. ఇంకొకటి మా అర్రలోకి, ఒకటి వంటింట్లో పచ్చడి జాడీల పైకి. మిగిలిన రెండూ చిన్నవి. ఒకటి దుకాణంలో, ఒకటి హాలు వెనక గోడకు, సరిగ్గా అత్త మంచం మీద, ఆమె తలకు జానెడు ఎత్తులో. కరెంటు సామాన్లు అమ్మే గుజరాతీ గల్లీ నుంచి తెచ్చిన వైర్లు ఇల్లంతా సాలెగూడులా పాకాయి.

పాత కార్యక్రమాలు పెడితే తెరకు రెండు పక్కలా నల్ల పట్టీలు వచ్చాయి. "గంత పెద్ద తెర తెచ్చుకున్నది నల్లగ చూస్తందుకా?" అని రిమోటు నొక్కి బొమ్మను సాగదీశాడు. అప్పట్నుంచి మా ఇంటి టీవీలో అందరూ మూడు పూటలా గారెలు తిన్నవాళ్లలా ఉబ్బిపోయి కనిపించేవారు. రెండు రోజుల తర్వాత బిగించే మనిషి గడపలోకి వస్తే, "అంతా అయిపోయింది, సంతకం పెడ్త, పో" అని వెనక్కి పంపేశాడు.

అసలు కథ సాయంత్రం ఆరింటి సీరియల్‌తో మొదలైంది. పాత టీవీ ఉన్నప్పుడు అత్త మంచం మీద కూర్చుని మాటలన్నీ వినేది. ఆ కథలో దుర్మార్గులను ఇక్కణ్ణుంచే తిట్టేది. కొత్త టీవీ వచ్చాక మొదటి రోజే, "బిడ్డా, ఎవ్వలు మాట్లాడుతలేరేంది? ఉత్త లొల్లే ఇనవడుతున్నది" అంది.

మేము సోఫాలో కూర్చున్నాం. మాకు మాటలు వినిపిస్తున్నాయి, కాస్త పక్క నుంచి వస్తున్నట్టుగా. బావ అర్ర తలుపు టీవీ పక్కనే ఉంది, అది తెరిచే ఉంది. బొమ్మ ఎలాగూ ఎదురుగా ఉంది, పెదాలు కదులుతున్నాయి. మాకేం తేడా తెలియలేదు.

"సౌండ్ పెంచుతున్న అమ్మా" అని బావ పెంచాడు.

"ఇంకింత లొల్లి అయింది."

ఇంకా పెంచాడు. కిటికీ రెక్కలు అదిరాయి. ఎదురింటివాళ్లు బయటికొచ్చి చూశారు. అత్త రెండు చేతులతో చెవులు మూసుకుని, "ఒక్క మాట సమజైతలేదు" అంది.

అంతే, తీర్పు వచ్చేసింది. గల్లీ మొత్తానికి వినిపిస్తున్నది ఆమెకు వినిపించడం లేదంటే చెవులు పోయినట్టే. దవాఖాన లేదు, డాక్టరు లేదు, పరీక్ష లేదు. బావ చెప్పాడు, భూపాల్ తలూపాడు, స్నేహలతక్క "పాపం" అంది. మర్నాటి నుంచి ఇంట్లో అందరూ ఆమెతో అరిచి మాట్లాడటం మొదలుపెట్టారు.

"అమ్మా! చాయ్ తాగుతవా!"

"ఎందుకురా గట్ల ఒర్లుతవు? నాకు మంచిగనే ఇనవడుతున్నది."

"చూసినవా, అరిస్తె ఇనవడ్డది" అని బావ మా వైపు తిరిగి విజయగర్వంతో నవ్వేవాడు.

మెల్లిగా అడిగి చూద్దామన్న బుద్ధి ఒక్కరికైనా పుట్టలేదు. ఆమె విన్నానంటే మొండితనం. వినలేదంటే చెవుడు. ఏమన్నా తప్పు ఆమెదే. ఐదో రోజున బావ ఆబిడ్స్‌లో ఎక్కడో చెవి మిషన్ కొనుక్కొచ్చి ఆమె చెవిలో కుక్కాడు. మంచి చెవికి మిషన్ పెడితే ఏమవుతుంది? గిన్నె కింద పడితే పిడుగు పడినట్టు ఉలిక్కిపడేది. తీసేస్తే "ఇంత ప్రేమగ తెస్తే పెట్టుకోదు" అని కొడుకు అలిగేవాడు.

అది బతుకమ్మ ముందు రోజులు. పండగ జాకెట్లు కుప్పలు పడ్డాయి. "చెవులు ఇనవడకుంట కొలతలు తప్పు చెప్తె గిరాకి పాడైతది" అన్నాడు బావ. "వనితా, నువ్వు కూసో స్టూలు మీద. అమ్మ పండుకోని రెస్టు తీసుకుంటది. పండగైనంక గూడ గట్లనే నడిపిద్దాం."

అత్త స్టూలు దిగింది. గోడ పట్టుకుని మంచం దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఆ రోజు నుంచి స్పీకరు ఆమె తల మీద ఉరుముతూనే ఉంది. ఆమె మాట్లాడటం తగ్గించేసింది. సీరియల్ టైముకు గోడ వైపు తిరిగి పడుకునేది.

ఒక మధ్యాహ్నం, టీవీ ఆపేసి ఉండగా, మా గల్లీ చివర ఉండే జెర్లిన్ దుకాణానికి వచ్చింది. చుట్టుపక్కల చూసుకుని, నా చెవి దగ్గరికి వంగి, గుసగుసగా చెప్పింది. తనకు మూడో నెల అనీ, ఇంకా ఎవరికీ చెప్పలేదనీ, జాకెట్టుకు పక్కల గుడ్డ ఎక్కువ వదలమనీ. సరేనన్నాను. పది మందితో మాట్లాడేసరికి ఆ సంగతి పూర్తిగా మరిచిపోయాను. రాసిపెట్టుకోని దుకాణం, నాకేమో అత్త బుర్ర లేదు.

సాయంత్రం నేను మంచం పక్కనుంచి పోతుంటే అత్త నా కొంగు పట్టుకుని ఆపింది. "జెర్లిన్ పక్కల గుడ్డ ఇడువుమన్నది. స్నేహలతకు చెప్పినవా?"

గోడకు అవతల, దుకాణంలో నా చెవిలో చెప్పిన గుసగుస, హాల్లో మంచం మీదున్న ఆమెకు వినపడింది.

స్నేహలతక్కకు చెప్పాను, నాకే గుర్తున్నట్టు. అత్త సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. ఎందుకో నాకు తెలుసు. స్టూలు దగ్గర గాలి వస్తుంది. రోడ్డు కనిపిస్తుంది. "వనితమ్మా" అని జనం పిలుస్తారు. ఎనిమిదేళ్లలో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు ఇంట్లో తప్ప బయట లేరు. పండగయ్యాక చెబుదాంలే అనుకున్నాను.

సద్దుల బతుకమ్మ ముందు ఆదివారం పొద్దున మా ఆయన ఆబిడ్స్ దుకాణానికి ఫోన్ చేశాడు. మా అర్రలో పాటలు తప్ప మాటలు రావడం లేదని ఆయన గోల. బిగించే అంజన్ మళ్లీ వచ్చాడు. ముప్పై ఏళ్ల మనిషి, చేతిలో చిన్న సంచి. హాల్లో చూశాడు, వైరు వెంట నడుచుకుంటూ వంటింట్లోకి వచ్చాడు.

"అక్కా, గీ స్పీకర్ ఈడ ఏం చేస్తున్నది?"

"పోపు వాసన చూస్తున్నది" అన్నాను.

ఇల్లంతా తిరిగి వచ్చి, బావ అర్రలోంచి ఆ అడ్డం స్పీకరు ఊడదీసి పట్టుకొచ్చాడు. మొహం ఎర్రబడింది.

"అన్నా, ఇవి మైకుసెట్టు హారన్లు కావు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క పని ఉంటది. మాటలన్ని దీంట్ల నుంచే వస్తయి. ఇది టీవీ కింద నడుమ ఉండాలె. ఎనక చిన్నవాటిల వాన, ఉరుములు, జనం లొల్లి. మీరు మాటలు తీస్కపోయి అర్రల పెట్టుకున్నరు. లొల్లి తెచ్చి అవ్వ నెత్తి మీద కట్టిన్రు."

"మరి సౌండ్ పెంచితె?" అన్నాడు బావ, గొంతు తగ్గించి.

"లొల్లి గూడ పెరుగుతది గదా అన్నా!"

గంటసేపట్లో ఐదింటినీ హాల్లోకి చేర్చి, మాటల స్పీకరు టీవీ కింద పెట్టాడు. అత్త తల మీద ఉన్నదాన్ని పైకి జరిపి సౌండు బాగా తగ్గించాడు. సాగదీసిన బొమ్మను సరిచేస్తే మనుషులు మళ్లీ మనుషుల్లా సన్నబడ్డారు. టీవీలో మా ఆరింటి సీరియల్ పాత భాగమేదో మళ్లీ వస్తోంది. ఒక కోడలు ఏడుస్తూ, ఉంగరం తను తీయలేదంటోంది.

గోడ వైపు తిరిగి ఉన్న అత్త లేచి కూర్చుంది. "అది తీయలేదు. దాని ఆడిబిడ్డ తీసి పప్పు డబ్బల దాచింది" అంది.

అందరం ఆమె వైపు తిరిగాం. తర్వాత బావ, "అమ్మా! చెవులు మంచిగైనయా!" అని ఒక్క అరుపు అరిచాడు.

"ఎన్నడు కరాబైనయిరా?"

ఇప్పుడైనా సిగ్గుపడ్డాడా? లేదు. "కంపెనీవోడు బుక్కు తెలుగుల ఇయ్యాలె గదా, మనకేం తెలుస్తది" అన్నాడు. నా మొగుడు అన్న చెప్పాడు కాబట్టి ఒప్పుకున్నానన్నాడు. స్నేహలతక్క జాకెట్ల హడావిడిలో పట్టించుకోలేదంది. అందరికీ సాకులు ఉన్నాయి. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

"సాకులు తర్వాత చెప్పుండ్రి బావా! మూడు వారాల సంది ఇనవడుతున్నదని మొత్తుకుంటున్నది. ఒక్కళ్లన్న నమ్మిన్రా? కన్నతల్లిని మూలకు కూసోబెట్టిన్రు. తప్పయిందని ఒక్క మాటన్న అనుండ్రి!"

బావ తల దించుకున్నాడు. "తప్పయింది అమ్మా" అన్నాడు. ఆయన నోట ఆ మాట నేను మొదటిసారి విన్నాను. అంజన్ సంచి సర్దుకుని, అవ్వకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

నేను గెలిచినంత సంబరంగా అత్త చెయ్యి పట్టుకుని దుకాణంలోకి తీసుకెళ్లి, భుజం పట్టి స్టూలు మీద కూర్చోబెట్టాను. అక్కడ మేమిద్దరమే ఉన్నాం. ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుంది, స్టూలు కొద్దిగా జరుపుకుంది, వీధి వైపు ముఖం పెట్టింది.

"మస్తు కొట్లాడినవు నా తరఫున" అంది.

"మరి కొట్లాడనా అత్తమ్మా!"

"నీకెరుకనే గదా వనితా. జెర్లిన్ సంగతి చెప్పిన దినం సంది నీకెరుక."

నా చెయ్యి ఇంకా ఆమె భుజం మీదే ఉంది. తీయడానికి కూడా ధైర్యం రాలేదు.

"ఆళ్లంటె మొగోళ్లు. ఎరుకలేక చేసిన్రు" అంది, కోపం లేకుండా, మామూలుగా మాట్లాడినట్టే. "దినాం పొద్దుగాల లేస్తనే అనుకుంటుంటి, ఇయ్యాల వనిత చెప్తదని. నువ్వన్న చెప్తవని చూసిన."

అంతలో గడప దగ్గర ఎవరో వచ్చి, జాకెట్టు అయిందా అని అడిగారు. అత్త అటు తిరిగి ఆమెను పేరు పెట్టి పలకరించింది. ఇంతసేపూ అందరి మీదా మండిపడ్డ నేను ఆమె భుజం మీంచి చెయ్యి తీసేశాను. లోపలికెళ్లి పొయ్యి వెలిగించాను.