బొంబాయి వెళ్ళాడని చెప్పిన తమ్ముడు

తమ్ముడు బాలును మఫ్టీ పోలీసులు వీధి మలుపులో జీపెక్కించుకుపోవడం పుణ్యవతి కిటికీలోంచి కళ్లారా చూసింది. మాదాపూర్‌లో అద్దాల మేడల కోసం కూలీల గుడిసెలు పీకేస్తుంటే అడ్డం కూర్చున్నవాళ్లలో వాడూ ఒకడు. గోదావరి జిల్లా నుంచి వచ్చి చందానగర్‌లో కాపురం పెట్టిన గుమాస్తా ఇల్లాలికి పరువును మించిన ఆస్తి ఏముంటుంది? బాలు కంప్యూటర్ ట్రైనింగుకు బొంబాయి వెళ్ళాడని వీధంతా చెప్పుకొచ్చింది. ఆనక తలుపేసుకుని ఏడ్చింది.

స్టేషన్‌లో అడిగితే అలాంటివాడెవడూ మా దగ్గర లేడన్నారు. ఆ రోజుల్లో లేడన్నవాళ్లు ఏమయ్యేవారో పేపరు చదివే అందరికీ తెలుసు. పుణ్యవతి పౌరహక్కుల సంఘంలో పనిచేసే లెక్చరర్ పట్టాభిరామయ్య ఇంటికి పరుగెత్తింది. ఆయన గుమ్మం మీద పోలీసుల కన్నుంటుందని తెలిసీ వెళ్ళింది. ఆ మాత్రం తెగువ ఉంది మహాతల్లికి.

ఆయన జడ్జీలకు పంపాల్సిన టెలిగ్రాములు రాస్తూ, "మీరు కాక బయటివాళ్లెవరు చూశారమ్మా?" అని అడిగాడు.

"ఎవరికీ తెలియనివ్వలేదండి. బొంబాయి వెళ్ళాడని చెప్పాను."

ఆయన కలం ఆగింది. "కొంప ముంచారు. రేపు పోలీసులూ అదే అంటారు, బొంబాయి పారిపోయాడని. ఇంటింటికీ వెళ్ళి నిజం చెప్పండి. బతికుంటే బలుసాకు తినొచ్చు. పరువు సంగతి తరవాత చూసుకుందాం."

కాళ్లు ఈడ్చుకుంటూ పుణ్యవతి మొదట పక్కింటి బుచ్చమ్మ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది.

"నేను జూసిన వదినా," అంది బుచ్చమ్మ. "పాలకు పోతుంటే జీపుల ఎక్కించిన్రు. నువ్వేమో బొంబాయి అంటివి. మీ ఇంటి గుట్టు నాకెందుకని ఊకున్న."

"కోర్టులో చెప్తావా వదినా?"

"ఎందుకు చెప్ప? నడువ్."

బుచ్చమ్మ మాటను పిటిషన్‌లో పెట్టి సంఘం లాయరు కోర్టు తలుపు తట్టాడు. లేడన్న మనిషి వారం తిరక్కుండానే జడ్జి ముందు కనబడ్డాడు. బాలు కుంటుతున్నాడు, మొహం వాచిపోయి ఉంది, కానీ బతికున్నాడు. పుణ్యవతికి పోయిన ప్రాణం లేచొచ్చింది. తమ్ముణ్ణి తడిమి చూసుకుని, పట్టాభిరామయ్యకు చేతులు జోడించింది.

"మీ రుణం ఏ జన్మకు తీర్చుకోగలనండి?"

ఆయన జవాబు చెప్పబోతుండగా ఇద్దరు మఫ్టీవాళ్లు చెరోపక్కా వచ్చి నిలబడ్డారు. "సార్, జర మాట్లాడేదుంది, రాండ్రి," అంటూ ఒకడు చెయ్యి పట్టుకున్నాడు.

నలుగురిలో నోరెత్తి ఎరగని పుణ్యవతి కోర్టు వరండా మధ్యకు వచ్చింది.

"అయ్యా, అందరూ వినండి. ఈయన పట్టాభిరామయ్యగారు. పోలీసులు తీసుకుపోతున్నారు. నేను చూస్తున్నాను. నా పేరు పుణ్యవతి, మాది చందానగర్."

"నేను గూడ జూస్తున్న," అంది బుచ్చమ్మ.

నల్లకోట్లు, కక్షిదారులు, టీ అమ్మేవాళ్లు చుట్టూ మూగారు. మఫ్టీవాడు చెయ్యి వదిలేశాడు. పట్టాభిరామయ్య కళ్లజోడు తీసి తుడుచుకుని, ఆ ఇద్దరాడవాళ్లకూ దణ్ణం పెట్టాడు.